పోసింది కాదు, కాలింది చెప్పు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్లో తెలిసింది. సెలవు పెట్టి తెనాలిలో మా ఇంటికి వచ్చిన మర్నాడు, వంటగదిలో కాఫీ కలుపుకుంటూ చూశాను. కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో పెట్టారు: "మన ఇంజన్ల ల్యాబు మాస్టారు ఇక లేరు. రేపల్లెలో ఈ ఉదయం గుండెపోటు." దాని కింద దండాల బొమ్మలు బారులు తీరాయి. గొప్ప గురువు అని ఒకడు. నా జీవితాన్ని మలిచిన మహానుభావుడు అని ఇంకొకడు. ఈ రెండోవాడు మాస్టారి నడక అనుకరించి క్లాసంతా నవ్వించినవాడు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను పక్కన పడేసి, కాఫీ సింకులో పారబోశాను.

చదివేవాళ్ళకు ముందే ఒక మాట చెప్పాలి. సంతాప సభకు ముందే కాలేజీవాళ్ళు ఆయన జ్ఞాపకార్థం ఒక సంచిక వేస్తున్నామని, నన్ను కూడా రెండు పేజీలు రాయమని అడిగారు. రాసి పంపాను. "కొంచెం మార్చి ఇవ్వండి మేడమ్, సందర్భానికి తగ్గట్టుగా" అన్నారు. నేను మార్చలేదు, వాళ్ళు వేయలేదు. అందుకని, తర్వాత జరిగింది కూడా కలిపి ఇలా మీ ముందుకు తెచ్చాను.

బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో ఆయన ఇన్‌స్ట్రక్టరు. ప్రొఫెసరు కాదు. ఐటీఐ చదివి, నిజాంపట్నం రేవులో పడవల ఇంజన్లు బాగుచేసి, ఆ పని చేతుల్లో పెట్టుకుని మా కాలేజీకి వచ్చిన మనిషి. రోజూ రేపల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. నేను తెనాలి నుంచి రైల్లో వచ్చి, ఆటో ఎక్కి, రొప్పుకుంటూ ల్యాబులో అడుగుపెట్టేసరికి ఆయన టేబుళ్ళన్నీ తుడిచి పెట్టి ఉండేవారు. ఎవరైనా రికార్డులో "సుమారు" అని రాస్తే ఆ మాట మీద ఎర్ర ఇంకుతో గీత పడేది. ఇంజను బాగా నడుస్తోంది సార్ అంటే, "బాగా అంటే ఎంతమ్మా?" అనేవారు. కోపం వస్తే మాత్రం అరిచేవారు కాదు. మర్యాద పెరిగేది. "అమ్మాయిగారూ, తమరు కాస్త ఆ వాల్వు వదిలెయ్యండి" అన్నారంటే, ఇక ఆ రోజుకు మన పని అయిపోయినట్టే.

ల్యాబు గోడకు ఒక పాత ఇనప తక్కెడ వేలాడుతూ ఉండేది. వాళ్ళమ్మ చేపలమ్మిన తక్కెడ. ఇంజను ఎంత ఇంధనం తాగిందో చూడాలంటే అందరూ గాజు గొట్టంలో మట్టం చూస్తారు. ఈయన డబ్బాను పైపులతో సహా ఊడదీయించి, తక్కెట్లో పెట్టి, ముందూ వెనకా తూకం వేయించేవారు. పావుగంట పని గంట పట్టేది. మేం విసుక్కుంటే ఆయన మాట ఒకటే: "పోసింది కాదు, కాలింది చెప్పు."

ఈ పిచ్చి ఎక్కడిదో కూడా ఒకసారి క్లాసులో చెప్పారు. ఆయన చిన్నప్పుడు రేవు ఇసకలో డీజిల్ డ్రమ్ములు దింపి పడవలవాళ్ళకు కొలిచి అమ్మేవారట. వాళ్ళ నాన్న తెల్లారకముందే వెళ్ళి పోయించుకునేవాడట. ఎండ డ్రమ్ము మీద పడితే డీజిల్ ఉబ్బుతుంది, అదే లీటరులో సరుకు తగ్గుతుంది, అది సముద్రంలో తెలుస్తుంది. పొద్దెక్కాక డీజిల్ కొన్నవాణ్ణి ఆ రేవులో వెర్రివాడికింద జమకట్టేవారట. మేం ఆ కథ విని తెగ నవ్వుకున్నాం. ఇంజనీరింగు చదువుకుందామని వస్తే ఈయన చేపల తూకం నేర్పుతున్నాడని మొదట అన్నది నేనే. తెనాలిలో పొలాలున్న ఇంటి పిల్లని. ఆ మాట అనడానికి నాకు నోరు రావడంలో వింతేమీ లేదు.

మూడో ఏడాదిలో మాకు రేసు కార్ల పిచ్చి పట్టింది. పెద్ద రేసు కార్లలో బ్రేకు తొక్కినప్పుడు వేడిగా గాల్లో కలిసిపోయే శక్తిని పట్టి, దాచి, మలుపు దాటాక మళ్ళీ చక్రాలకే ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. ఆ వీడియోలు చూసి చూసి, అలాంటిదే మేమూ కడతామన్నాం. కాలేజీ పిల్లల పోటీల కోసం తయారుచేసే చిన్న కారు అది. ఒంటి మనిషి కూర్చునే సీటు, మోటారుసైకిలు ఇంజను. వెనక ఇరుసుకు ఒక మోటారు బిగించాం. బ్రేకు తొక్కితే అది జనరేటరై కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు కెపాసిటర్లలో నిలవుంటుంది. యాక్సిలరేటరు తొక్కగానే మళ్ళీ మోటారుకు వచ్చి బండిని నెడుతుంది. ఆరుగురం కలిసి చేశాం. నేను టీము లీడరుని.

మాస్టారు దాన్ని కాదనలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత మేం కాదన్నారనే ప్రచారం చేశాం. ఇరుసుకు మోటారు నిలబడక మూడుసార్లు బోల్టులు తెగితే, నాలుగోసారి బ్రాకెట్టు ఆయనే లేతు మిషను మీద చేసి ఇచ్చారు. కాకపోతే మా డప్పు మాత్రం నమ్మలేదు. "బ్రేకు కాడ దొరికేది కొత్తగా వచ్చింది కాదమ్మా. మన జేబులోంచి జారిందే మళ్ళీ దొరుకుతోంది. అదీ అంతా దొరకదు, చిల్లర దొరుకుద్ది. ఆ చిల్లర ఏరుకోటానికి ఎంత బరువు మోస్తన్నామో కూడా చూసుకోవాలి గదా" అన్నారు.

"అంత వేగంగా పోయే బండికి పొదుపు లెక్కలు ఎందుకు సార్?" అని నేను ఎగతాళిగా అడిగాను.

"ఎక్కువ తాగేదానికే లెక్క కావాలమ్మా. సైకిలుకెవడు అడుగుతాడు? రేసులో ఇంతకంటే పెట్రోలు పొయ్యకూడదని గీత గీశాక, మిగిల్చుకున్నవాడే ముందుపోతాడు. కొలత తప్పితే వేగమూ తప్పుద్ది."

ఇన్నేళ్ళు ఇదే రంగంలో పనిచేశాక చెబుతున్నాను, దీనికంటే సూటిగా ఈ విషయం చెప్పినవాళ్ళు నాకు ఇంకా తగల్లేదు.

పరీక్ష వేసవిలో పెట్టుకున్నాం. కాలేజీ వెనక సిమెంటు రోడ్డు చుట్టూ తిప్పడం. మొదటిరోజు మా ఏర్పాటు ఆపేసి, తెల్లవారుజామునే మొదలుపెట్టి, ఎండ రాకముందే ముగించాం. ట్యాంకుకు గాజు గొట్టం, దాని మీద ఎర్ర గీత. గీత దాకా పోసి నడిపి, మళ్ళీ గీత దాకా పోస్తే ఎంత పట్టిందో అంత కాలినట్టు. రెండోరోజు ఏర్పాటుతో నడపాలి. చల్లగా ఉన్నప్పుడే గీత దాకా పోసి సిద్ధంగా పెట్టాం. తీరా చూస్తే వైర్లలో ఏదో తేడా వచ్చి, అది తేలేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అప్పుడు నడిపాం. నడిపి, ఆగిన వెంటనే గీత దాకా పోశాం. పట్టింది బాగా తక్కువ. అయిదో వంతు ఆదా! మావాళ్ళు నన్ను భుజాలమీద ఎత్తుకున్నారు.

ఏం జరిగిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎండకూ, ఇంజను సెగకూ ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఉబ్బి గీత వైపు పైకి లేచింది. కాలిపోయినదాని చోటును కొంత ఆ ఉబ్బే నింపేసింది. మేం దాన్ని ఆదా అనుకున్నాం. మాస్టారు వచ్చి, ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి వెంటనే తీసేశారు.

"పొద్దున పోసి మధ్యాన్నం కొలిస్తే ఎట్టాగమ్మా? ఊడదీసి తక్కెట్లో పెట్టండి. లేదంటే రేపు తెల్లారగట్ల మళ్ళీ నడపండి. నేనూ పెందలాడే వస్తా."

రేపు అనేది లేదు. పోటీవాళ్ళకు రిపోర్టు ఆ సాయంత్రమే పంపాలి. ఇన్‌స్ట్రక్టరు సంతకం పెట్టాల్సిన చోట ఆయన పెట్టనన్నారు. నేను బతిమాలాను, ఏడ్చాను, చివరికి నోరు జారాను. ఆయన నావైపు చూసి, "అమ్మాయిగారూ, తమరి కొలత తప్పు. తప్పుకి నా చెయ్యి రాదు" అన్నారు. అంతే.

ఆ రాత్రి కాదు, అక్కడే, ల్యాబు బయట మెట్ల మీద కూర్చుని కరస్పాండెంటుగారికి ఉత్తరం రాశాను. పడవల ఇంజన్లు బాగుచేసుకునే వ్యక్తికి ఈ కాలపు కార్ల సాంకేతికత అర్థం కావడం లేదని, విద్యార్థుల ప్రతిభకు అడ్డుపడుతున్నారని. మిగతా అయిదుగురూ సంతకాలు పెట్టారు. హెచ్.ఓ.డి. గారు మాస్టారి బదులు తనే రిపోర్టు మీద సంతకం చేశారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, పిడికిళ్ళు కొలిచి పంచింది నేను.

మాకు బహుమతి వచ్చింది. కాలేజీ గేటు మీద మా ఫొటోలతో ఫ్లెక్సీ కట్టారు. మాస్టారిని ల్యాబు నుంచి తీసి హాస్టలు జనరేటరు చూసుకోమన్నారు. కొన్ని నెలలు ఆ గది ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం చూశాను. అటు వెళ్ళాల్సి వస్తే క్యాంటీను వెనకనుంచి తిరిగి వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆ స్టూలు మీద ఇంకెవరో కూర్చుని కనిపించారు.

ఆ బహుమతి చూపించే నాకు ఉద్యోగం వచ్చింది. చెన్నై దగ్గర, ఖరీదైన కార్లకు శక్తిని తిరిగి రాబట్టే పరికరాలు పరీక్షించే చోట. చేరిన మొదటి వారం టెస్టు గదిలోకి తీసుకెళ్ళారు. ఇంధనపు ట్యాంకు ఒక కాటా మీద ఉంది. పైపు చుట్టూ చల్లబరిచే ఏర్పాటు ఉంది. ఇదెందుకని అడిగాను. "వేడికి ఉబ్బుతుంది కదా, అందుకే తూకం" అని, ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు అక్కడి టెక్నీషియను. ఆ సాయంత్రం నేనుండే గదికి వచ్చి పాత కాగితాలు తీసి లెక్క వేసుకున్నాను. ఆ ఉబ్బు తీసేస్తే మా ఆదా మొత్తం కొట్టుకుపోయింది. మోసిన బరువుకు బండి ఇంకాస్త ఎక్కువే తాగి ఉంటుంది.

ఆ వారమే ఆయనకు ఉత్తరం రాసి ఉండాల్సింది. ప్రొబేషను కదా, అది అయ్యాక రాద్దామనుకున్నాను. తర్వాత ప్రమోషను కదా అనుకున్నాను. ఆ తర్వాత, ఇన్నేళ్ళయ్యాక ఏం రాస్తాం అనుకున్నాను. పిరికితనానికి క్యాలెండరులో ఎప్పుడూ ఏదో ఒక తేదీ దొరుకుతుంది.

ఒక్కసారి ఆయన ఎదురుపడ్డారు. తెనాలి స్టేషనులో రేపల్లె బండి ఆగే ప్లాట్‌ఫారం మీద, పిస్టను రింగుల సంచి పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నారు. తప్పించుకుందామనుకునేలోపే చూశారు.

"ఏమ్మా, బాగున్నావా? టిఫినయిందా? కార్లలోనే ఉన్నావంటగా."

"అవునండి."

"ఏంటి అక్కడ, పోసి కొలుస్తన్నారా, తూకమేస్తన్నారా?"

"తూకమేనండి" అన్నాను.

"మంచిది" అని, ఇంకేమైనా చెబుతానేమోనని ఆగారు. బాగా ఆగారు. బండి వచ్చేదాకా ఆగారు. నేను మా అమ్మాయి చదువు గురించి, ఎండల గురించి, రైళ్ళ ఆలస్యం గురించి మాట్లాడాను. ఆయన సంచి భుజాన వేసుకుని, "వస్తానమ్మా" అని ఎక్కారు. ఆయనకు తెలుసని నాకు తెలుసు.

ఆయన మీద కూడా నాకు కోపమే. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. ఉంది, ఏం చేయను? ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నలుగురిలో నన్ను నిలబెట్టి కడిగేసి ఉంటే, నేనూ ఏదో అని, ఏడ్చి, అక్కడితో తేలిపోయేది. ఆయన అంత ఓపిగ్గా ఉండటం నాకు మంచి చేయలేదు. ఇంత మర్యాద భరించడం కష్టం మాస్టారూ.

కాలేజీలో సంతాప సభ పెట్టారు. వెళ్ళాను. కరస్పాండెంటుగారు మైకు ముందుకు వచ్చి, మాస్టారు అనారోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా తప్పుకున్నారని అన్నారు. నేను పళ్ళు బిగించి కూర్చున్నాను. తర్వాత ఆయన, "వారి ఆశీస్సులతోనే మన విద్యార్థులు ఇంధన పొదుపులో ఆ బహుమతి సాధించారు, ఆ టీము లీడరు ఇక్కడే ఉంది" అని నావైపు చెయ్యి చూపించారు. చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లు.

లేచి మైకు దగ్గరకు వెళ్ళాను. "ఆ బహుమతి ఆయన ఆశీస్సులతో రాలేదండి. ఆయన సంతకం పెట్టకపోతే దొడ్డిదారిన వచ్చింది. కొలత తప్పని ఆయన చెప్పారు. ఆయన చెప్పిందే నిజం. ఆయన్ని జనరేటరు గదికి పంపిన ఉత్తరం రాసింది నేను" అని మొదలుపెట్టి, ఎండ, ట్యాంకు, ఎర్ర గీత అన్నీ చెప్పాను. హాల్లో కొందరు ఫోన్లు తీశారు. మా టీములోని ఒకడు తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. హెచ్.ఓ.డి. గారు పక్కకు వచ్చి, చిన్నగా, "ఇప్పుడెందుకమ్మా అవన్నీ. పోయినాయన్ని ప్రశాంతంగా ఉండనివ్వు" అన్నారు.

"ఆయన ప్రశాంతంగానే ఉన్నారు సార్. ఇబ్బంది మనకే" అన్నాను. మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆ బహుమతి ఇచ్చినవాళ్ళకూ, నా కంపెనీకీ ఇదే సంగతి రాసి పంపాను. నా ఉద్యోగం ఏమవుతుందో ఇది రాసేనాటికి నాకు తెలియదు. కాలేజీవాళ్ళు మాత్రం ఆ బహుమతి పత్రం ఫ్రేము గోడ మీంచి ఇంకా దించలేదు. దించేదాకా రాస్తూనే ఉంటాను.

సభ మర్నాడు పొద్దున రేపల్లె వెళ్ళాను. ఇంటి ముందు, కాలేజీ వదిలాక మాస్టారు ఇంజన్లు బాగుచేసిన రేకుల షెడ్డు. లోపల మాస్టారి భార్య, పెద్దకర్మకు ఇరుగుపొరుగుల దగ్గర తెచ్చిన గిన్నెలను తుడిచి ఎవరివి వాళ్ళకు విడదీస్తున్నారు. ఇంతకు ముందు ఆవిణ్ణి నేను చూడలేదు. నేనెవరో చెప్పుకుని, పిన్నిగారూ అని పిలిచి, కింద కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

"ఉత్తరం నేనే రాశాను పిన్నిగారూ."

"తెలుసమ్మా. మీ మాస్టారు ఆ రోజే చెప్పారు. కరస్పాండెంటు చూపించాడంట. చేతిరాత పోల్చుకున్నారు. రెండేళ్ళు మీ రికార్డులు దిద్దినోరికి తెలీదా?"

"ఏమన్నారండి?"

"ఏమంటారు. ఆ పూట అన్నం తిన్లేదు. పడవల మెకానిక్కని రాశావంట గదా. అదే రెండు మూడుసార్లన్నారు. 'పడవ బాగుచెయ్యటం తప్పెట్టా అయిందే?' అని నన్నడిగారు. నాకేం తెలుసు చెప్పటానికి?"

నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవమాకమ్మా. నేనే ఎట్టనో ఆపుకొని కూర్చున్నా."

"నన్ను క్షమించండి."

ఆవిడ చేతిలోని గిన్నె పక్కన పెట్టారు. "అది నా దగ్గర లేదమ్మా. ఆయన్నడగాల్సింది. తెనాలి స్టేషన్లో కనిపించావంటగా. అప్పుడడగాల్సింది" అన్నారు. గొంతు పెంచలేదు. మళ్ళీ గిన్నె తీసుకున్నారు.

అప్పుడే షెడ్డు ముందు ఒక మోపెడ్ ఆగింది. లుంగీ మీద, చేతిలో గోనెగుడ్డ మూటతో ఒకాయన దిగాడు. "మాస్టారున్నారాండి? పెనుమూడి నుంచండి. పడవ ఇంజను ఎత్తుకోటం లేదు. పంపు ఇప్పుకొచ్చా. వేటకెళ్ళి నిన్ననే వచ్చామండి" అన్నాడు.

"ఆయన పోయారయ్యా. పన్నెండు రోజులయింది" అన్నారు పిన్నిగారు.

అతను మూట పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆవిడ ఒకసారి నావైపు చూసి, "ఈ అమ్మాయి ఆయన దగ్గరే చదువుకుంది. కార్ల కంపెనీలో చేస్తదంట. చూపించు" అన్నారు. దెప్పడానికి అన్నారో, నిజంగానే అన్నారో నాకు తెలియలేదు.

అతను ఆశగా వచ్చి, గుడ్డ విప్పి, నూనె కారుతున్న డీజిల్ పంపు నా చేతుల్లో పెట్టాడు. అటూ ఇటూ తిప్పాను. అది ఎలా పనిచేస్తుందో బొమ్మ గీసి చెప్పగలను. ఎంత ఒత్తిడిలో ఎంత ఇంధనం పంపాలో లెక్క కట్టగలను. ఎక్కడ విప్పాలో, లోపల ఏది అరిగిందో చెయ్యి పెట్టి చెప్పడం నాకు రాదు. ఇన్నేళ్ళలో నేను పట్టుకున్నవి కంప్యూటరు మీద గీతలు.

"నాకు చేతకాదండి" అన్నాను.

"పర్లేదులే అమ్మా" అని అతను మూట కట్టుకున్నాడు. రేపల్లెలో ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే, చీరాలలో ఒకాయన ఉన్నాడని విన్నానని, ఆయన చేస్తాడో లేదో తెలియదని చెప్పారు పిన్నిగారు. మోపెడ్ మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, షెడ్డు ముందు, రోడ్డు వైపు వేసుకుని కూర్చున్నారు.

"తెలీనోళ్ళు ఇంకా వస్తారమ్మా. ఎవరో ఒకళ్ళు చెప్పాలి గదా" అన్నారు.